మౌనం అంగీకారమా? మోసపూరిత డిజైన్ల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• వెబ్‌సైట్లలో, యాప్‌లలో కనిపించే మోసపూరిత డిజైన్ల చారిత్రక మూలాలను గుర్తించగలుగుతారు.
• వినియోగదారుడి అంగీకారం అనే భావన 1862 నుంచి నేటివరకు ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
• ఈ విషయంలో మన దేశం తీసుకున్న చర్యలను, వాటి పరిమితులను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

మీరు మొబైల్‌లో బస్సు టికెట్టు కొంటున్నారనుకుందాం. సీటు ఎంచుకున్నారు. పేరు, వయసు నింపారు. డబ్బు చెల్లించే చోటికి వచ్చేసరికి మొదట చూపిన ధర కంటే కొన్ని రూపాయలు ఎక్కువగా కనిపించాయి. కిందికి జరిపి చూస్తే, ప్రయాణ బీమా అన్న మాట పక్కన ఉన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. ఆ టిక్కు మీరు పెట్టలేదు. కానీ దానిని తీసివేయలేదు కాబట్టి, బీమా మీరే కోరినట్లు లెక్క.

మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలు అంటారు. ఆ మాటలో 'అర్ధ' అన్న భాగాన్ని మనం తరచుగా మరచిపోతాం. మౌనం సగం అంగీకారమే. మిగిలిన సగాన్ని అడిగి తెలుసుకోవలసిన బాధ్యత అడిగినవాడిది. పైన చెప్పిన టిక్కు ఆ బాధ్యతను అవతలివాడి మీదికి నెట్టివేస్తుంది. వద్దని చెప్పే శ్రమ కొనుగోలుదారుడిది అవుతుంది, ఆ శ్రమ పడనివారి డబ్బు అమ్మకందారుడిది అవుతుంది.

మనుషులను వారు కోరని ఎంపిక వైపు నడిపించేలా రూపొందించిన ఇలాంటి తెరలను నేడు 'డార్క్ ప్యాటర్న్స్' అంటున్నారు. ఇది కంప్యూటర్లతో పుట్టిన సమస్య అని చాలామంది అనుకుంటారు. చరిత్ర విద్యార్థిగా మీరు ఆ అభిప్రాయాన్ని పరీక్షించాలి. ఈ పాఠ్యభాగంలో మనం ఒకే ప్రశ్నను వెంటాడుతూ వెళదాం: 'వద్దు' అని చెప్పే శ్రమ ఎవరిది కావాలి?

2. ఒక గుర్రం తగవు: 1862 తీర్పు, 1872 చట్టం

ఈ ప్రశ్న ఇంగ్లండులో ఒక గుర్రం విషయంలో న్యాయస్థానానికి వచ్చింది. పాల్ ఫెల్ట్‌హౌస్ అనే ఆయన తన సోదరుని కుమారుడు జాన్ దగ్గర ఉన్న గుర్రాన్ని కొనదలచాడు. ధర విషయంలో ఇద్దరికీ కొద్ది తేడా వచ్చింది. పాల్ మధ్యేమార్గంగా 30 పౌండ్ల 15 షిల్లింగులు ఇస్తానని ఉత్తరం రాశాడు. నీ నుంచి మరేమీ కబురు రాకపోతే గుర్రం నాదేనని భావిస్తాను అన్నది ఆ ఉత్తరం సారాంశం. జాన్ జవాబు రాయలేదు. అయితే తన పశుసంపదను వేలం వేస్తున్న బిండ్లీతో ఆ గుర్రాన్ని పక్కన ఉంచమని చెప్పాడు. బిండ్లీ పొరపాటున దాన్ని కూడా అమ్మివేశాడు. నా గుర్రాన్ని అమ్మావంటూ పాల్ అతనిపై దావా వేశాడు.

1862లో న్యాయస్థానం పాల్ వాదనను తిరస్కరించింది. జాన్ మనసులో అమ్మాలనే ఉన్నా ఆ సంగతి పాల్‌కు తెలియజేయలేదు. నువ్వు పలకకపోతే ఒప్పుకున్నట్లే అనే షరతును ఒకరు మరొకరి మీద రుద్దలేరు. ఒప్పంద న్యాయం చదివే విద్యార్థులకు ఈ తీర్పును నేటికీ బోధిస్తున్నారు.

ఆ తరువాత పదేళ్లకు, 1872లో, భారత ఒప్పందాల చట్టం వచ్చింది. దాని 13వ సెక్షను ప్రకారం ఇద్దరు వ్యక్తులు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. ఆ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలని 14వ సెక్షను చెబుతుంది. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు ప్రకటన, పొరపాటు వల్ల కలిగిన సమ్మతి స్వేచ్ఛా సమ్మతి కాదు. 'ఒకే విషయం, ఒకే అర్థం' అన్న మాటలను గుర్తుంచుకోండి. చిన్న అక్షరాలలో, తనకు రాని భాషలో ఉన్న షరతుల కింద బటన్ నొక్కిన మనిషి, ఆ షరతులు రాసిన సంస్థ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకున్నారా? ఈ చట్టం వచ్చి 150 ఏళ్లు దాటినా ఈ ప్రశ్న పాతబడలేదు.

3. నెలకొక పుస్తకం: మౌనం మీద నడిచిన వ్యాపారం

మౌనం అంగీకారం కాదని న్యాయస్థానం చెప్పిన తరువాత వ్యాపారులు ఒక దారి కనిపెట్టారు. 'ఇకపై నా మౌనాన్ని అంగీకారంగా భావించవచ్చు' అని ముందుగా ఒక్కసారి సంతకం చేయించుకుంటే సరిపోతుంది.

1926లో న్యూయార్క్‌లో హ్యారీ షెర్మన్, మరికొందరు కలిసి 'బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్'ను ప్రారంభించారు. నిపుణులు ఎంపిక చేసిన పుస్తకం నెలనెలా సభ్యుల ఇంటికి తపాలాలో వచ్చేది. నచ్చనివారు తిప్పి పంపేవారు. వాపసులు పెరగడంతో క్లబ్ పద్ధతి మార్చింది. రాబోయే పుస్తకం గురించి ముందే సమాచారం పంపి, వద్దనుకునేవారు గడువులోగా చీటీ తిప్పి పంపాలని కోరింది. చీటీ రాకపోతే పుస్తకం, దానితో పాటు బిల్లు వచ్చేవి. దీనికి 'నెగెటివ్ ఆప్షన్' అనే పేరు స్థిరపడింది. 1955లో మొదలైన కొలంబియా రికార్డ్ క్లబ్ గ్రామఫోను రికార్డులకు ఇదే పద్ధతిని వాడింది.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకండి. ఈ పద్ధతి దానంతట అదే మోసం కాదు. పల్లెల్లో చదువుకునే వసతి లేని ఎందరికో ఆ క్లబ్ మంచి పుస్తకాలు చేర్చింది. మన ఇళ్లకు పాలు, దినపత్రిక వచ్చే తీరు కూడా ఇదే కదా. రోజూ ఉదయం పాలవాడు మనల్ని అడగడు. మనం వద్దనేవరకు పోస్తూనే ఉంటాడు. కానీ ఊరికి వెళుతున్నప్పుడు గుమ్మం దగ్గర 'రేపటి నుంచి నాలుగు రోజులు వద్దు' అని ఒక్క మాట అంటే చాలు. చేరడం ఎంత సులభమో ఆపడం కూడా అంతే సులభం. పాలవాడికి, పుస్తకాల క్లబ్‌కు మధ్య తేడా మౌనంలో లేదు. ఆ మౌనాన్ని వీడటానికి పడవలసిన శ్రమలో ఉంది. చీటీ పోగొట్టుకున్నా, తపాలా ఆలస్యమైనా నష్టం సభ్యుడిదే. ఇలాంటి మరచిపోవడాలు వ్యాపారానికి ఆదాయ మార్గంగా మారాయి.

చట్టం నెమ్మదిగా కదిలింది. కోరకుండా తపాలాలో వచ్చిన వస్తువును బహుమతిగా ఉంచుకోవచ్చని, డబ్బు కట్టనక్కరలేదని అమెరికా 1970లో శాసనం చేసింది. 1971లో బ్రిటన్ కూడా కోరని సరుకుల మీద చట్టం తెచ్చింది. 1973లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నెగెటివ్ ఆప్షన్ పథకాలకు నియమం పెట్టింది. షరతులు స్పష్టంగా చెప్పాలి. వద్దని చెప్పడానికి సభ్యుడికి కనీసం 10 రోజుల సమయం ఇవ్వాలి. కమిషన్ ఆ పద్ధతిని నిషేధించలేదు. వద్దనే దారిని మాత్రం తెరిచి ఉంచమంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
పాలవాడి ఏర్పాటుకు, పుస్తకాల క్లబ్ పద్ధతికి గల ముఖ్యమైన తేడా ఏమిటి? మూడు వాక్యాలలో రాయండి.

4. తపాలా చీటీ నుంచి తెర మీది టిక్కుకు

1990ల చివరి నుంచి ఇంటర్నెట్ వ్యాపారం విస్తరించింది. పాత పద్ధతికి మూడు కొత్త బలాలు తోడయ్యాయి. మొదటిది, కార్డు వివరాలు సంస్థ దగ్గరే ఉండటం. పుస్తకాల క్లబ్ సభ్యుడు బిల్లు చూసి డబ్బు పంపేవాడు. ఇప్పుడు డబ్బు తనంతట తానే వెళ్లిపోతుంది. రెండవది, తెరను ఎన్నిసార్లయినా మార్చి పరీక్షించే వీలు. ఒక బటన్ ఎర్రగా ఉంటే ఎందరు నొక్కారు, బూడిద రంగులో ఉంటే ఎందరు నొక్కారు అని సంస్థలు వేలాది మందిపై ఒకేసారి పోల్చి చూడగలవు. మూడవది, మనిషి స్వభావంపై పెరిగిన శాస్త్ర జ్ఞానం.

ఈ మూడవ బలానికి ఒక ఉదాహరణ చూడండి. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు 2003లో అవయవదానంపై ఒక అధ్యయనం ప్రచురించారు. జర్మనీలో దాత కావాలనుకున్నవారు ముందుకు వచ్చి ఒప్పుకోవాలి. అక్కడ అంగీకారం 12 శాతం. పొరుగునే ఉన్న ఆస్ట్రియాలో వద్దనుకున్నవారు ఆ సంగతి చెప్పాలి. అక్కడ అంగీకారం 99.98 శాతంగా లెక్కకు వచ్చింది. రెండు దేశాల ప్రజల మనసుల్లో అంత తేడా ఉండదు. తేడా ఉన్నది ముందే పెట్టిన టిక్కులో. రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ 2008లో ప్రచురించిన 'నడ్జ్' అనే గ్రంథం ఈ బలాన్ని ప్రజల మేలుకు ఎలా వాడవచ్చో చర్చించింది. అదే బలాన్ని వ్యాపారం తన మేలుకు వాడుకోవడం మొదలుపెట్టింది.

అమెరికా సెనేట్ వాణిజ్య సంఘం 2009లో జరిపిన విచారణ ఇందుకు సాక్ష్యం. ఒక వెబ్‌సైట్లో వస్తువు కొన్న వెంటనే తగ్గింపు కూపన్ ఇస్తామంటూ మరో తెర కనిపించేది. దాన్ని నొక్కినవారి కార్డు వివరాలు వారికి తెలియకుండానే మూడవ సంస్థకు చేరేవి. నెలనెలా రుసుము పోయేది. ఇలా మూడు సంస్థలు పొందిన రాబడి 140 కోట్ల డాలర్లకు పైమాటేనని విచారణ తేల్చింది. దీని ఫలితంగా 2010 డిసెంబరులో అమెరికాలో ప్రత్యేక చట్టం వచ్చింది.

5. పేరు పెట్టిన తరువాత

పేరు లేని అన్యాయాన్ని పట్టుకోవడం కష్టం. ప్రతివాడూ 'నేనే సరిగా చూసుకోలేదు' అని తనను తాను నిందించుకుంటాడు. 2010లో డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ ఈ ఎత్తుగడలకు 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టి, వాటిని రకాలుగా విభజించి, ఉదాహరణలతో ఒక వెబ్‌సైట్లో ఉంచాడు. పేరు వచ్చాక లెక్కించడం సాధ్యమైంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన అరుణేశ్ మాథుర్ తదితరులు 2019లో సుమారు 11,000 షాపింగ్ వెబ్‌సైట్లను పరిశీలించి 1,818 డార్క్ ప్యాటర్న్స్ ఉదంతాలను గుర్తించారు.

లెక్క తేలాక చట్టానికి ఆధారం దొరికింది. అదనపు చెల్లింపులకు ముందే టిక్కు పెట్టడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. ఈ నిబంధన 2014 జూన్ నుంచి వర్తించింది. 2018 మే నుంచి అమలైన ఐరోపా సమాచార రక్షణ నిబంధనల పీఠిక మరింత స్పష్టంగా మాట్లాడింది. మౌనం, ముందే టిక్కు పెట్టిన గడి, ఏమీ చేయకుండా ఉండటం సమ్మతి కావని పేర్కొంది. 2019 అక్టోబరు 1న ఐరోపా న్యాయస్థానం 'ప్లానెట్49' కేసులో అదే సూత్రాన్ని ధ్రువీకరించింది. ఒక జర్మన్ సంస్థ ఆన్‌లైన్ లాటరీలో కుకీల కోసం ముందే పెట్టిన టిక్కు చెల్లదని తీర్పు చెప్పింది. గుర్రం తగవులో 1862లో చెప్పిన మాట 157 ఏళ్ల తరువాత మళ్లీ వినిపించిందన్నమాట.

ఆ తరువాత దృష్టి నిష్క్రమణ ద్వారం మీదికి మళ్లింది. 2023 జూన్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ సంస్థపై దావా వేసింది. ప్రైమ్ సభ్యత్వాన్ని రద్దు చేసుకోవాలంటే 4 పేజీలు, 6 క్లిక్కులు, 15 ఎంపికలు దాటవలసి వచ్చేదని, ఆ ప్రక్రియకు సంస్థ లోపల 'ఇలియడ్' అని పేరు ఉండేదని కమిషన్ ఆరోపించింది. ఇలియడ్ అంటే ట్రాయ్ యుద్ధం గురించి గ్రీకు కవి హోమర్ పేరున ఉన్న ఇతిహాసం. చందా ఆపడం ఒక దీర్ఘ యుద్ధంతో సమానమని ఆ పేరే సూచిస్తోందని కమిషన్ భావించింది. 2025 సెప్టెంబరులో ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి చెల్లించడానికి కేటాయించారు.

6. భారతదేశంలో: కాలర్ ట్యూన్ నుంచి 13 రకాల వరకు

మన దేశంలో ఈ సమస్య చాలామందికి కంప్యూటర్ ద్వారా రాలేదు. బటన్లున్న చిన్న ఫోను ద్వారా వచ్చింది. ప్రీపెయిడ్ ఫోన్లు పల్లెలకు చేరిన రోజుల్లో కాలర్ ట్యూన్, జాతకం, క్రికెట్ స్కోరు వంటి సేవల పేరుతో రీచార్జి సొమ్ము కరిగిపోయేది. తెర మీద మెరిసిన సందేశానికి పొరపాటున 'ఓకే' నొక్కితే చాలు. ఇంట్లోని పెద్దవారికి ఆ సందేశం ఏ భాషలో ఉందో, ఏమి చెబుతోందో తెలిసేది కాదు. డబ్బు పోయినట్లు కూడా మరుసటి రీచార్జికి గాని తెలిసేది కాదు. పది, ఇరవై రూపాయల కోసం ఫిర్యాదు చేయడానికి ఎవరూ వెళ్లరు. ఈ వ్యాపారం బలం అంతా అక్కడే ఉంది.

టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జులైలో జోడు నిర్ధారణ పద్ధతిని ఆదేశించింది. సేవ కావాలని ఒకసారి నొక్కితే చాలదు. రెండవసారి విడిగా అడిగి, సమ్మతి పొందిన తరువాతే డబ్బు తీసుకోవాలి. మౌనం, పొరపాటు రెండూ సమ్మతి కావని మన దేశంలో లక్షల మందికి ఆచరణలో తెలిసిన సందర్భం ఇది.

రెండవ మజిలీ రిజర్వు బ్యాంకుది. నెలనెలా కార్డు నుంచి దానంతట అదే జరిగే చెల్లింపులపై కొత్త నియమాలు 2021 అక్టోబరు 1 నుంచి అమలయ్యాయి. చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు వినియోగదారుడికి సందేశం రావాలి. వద్దనుకుంటే ఆపే వీలుండాలి. నిర్ణీత పరిమితి దాటిన ప్రతి చెల్లింపుకు మళ్లీ అదనపు ధ్రువీకరణ కావాలి. నియమాలు అమలైనప్పుడు ఈ పరిమితి 5,000 రూపాయలు. 2022 జూన్‌లో దానిని 15,000కు పెంచారు. 1973లో తపాలా చీటీకి ఇచ్చిన 10 రోజుల గడువును, ఈ 24 గంటల సందేశాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. సూత్రం ఒక్కటే.

మూడవ మజిలీ 2023 నవంబరు 30. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ రోజు డార్క్ ప్యాటర్న్స్ నిరోధానికి మార్గదర్శకాలను ప్రకటించింది. వాటిలో 13 రకాలను నిర్వచించింది. అడగకుండా కార్టులో వస్తువు చేర్చడం, కొద్ది నిమిషాలే మిగిలాయంటూ లేని తొందర కల్పించడం, ధరను విడతలుగా బయటపెట్టడం, చందా నుంచి బయటపడనీయకపోవడం వాటిలో కొన్ని. సిగ్గుపరచి ఒప్పించడం మరొకటి. బీమా వద్దనే ప్రయాణికుడి చేత 'నేను రక్షణ లేకుండానే ఉంటాను' అనిపించే తెర దీనికి ఉదాహరణ. ఈ-కామర్స్ సంస్థలు మూడు నెలల్లోగా తమను తాము తనిఖీ చేసుకోవాలని 2025 జూన్‌లో అదే సంస్థ సూచించింది.

తెలుగు మాధ్యమంలో చదువుతున్న మీరు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం మరొకటి ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలి. దాన్ని ఇవ్వడం ఎంత సులభమో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులభం కావాలి. సమ్మతి కోరే వినతిని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. 1872 చట్టం కోరిన 'ఒకే అర్థం' అర్థమయ్యే భాష లేకుండా సాధ్యం కాదు. తెలుగులో వివరణ కోరడం కంపెనీని దయ చూపమని అడగడం కాదు. అది హక్కు కాబోతోంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
ట్రాయ్ జోడు నిర్ధారణకు, రిజర్వు బ్యాంకు 24 గంటల సందేశానికి ఉమ్మడిగా ఉన్న సూత్రం ఏమిటి?

7. చట్టం గెలిచిందా?

ఈ చరిత్రను విజయగాథగా చదవకండి. రద్దు చేసుకోవడం చేరినంత సులభంగా ఉండాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో ఒక నియమం తెచ్చింది. పద్ధతి ప్రకారం ముందుగా చేయవలసిన విశ్లేషణ చేయలేదన్న కారణంతో ఒక అప్పీలు న్యాయస్థానం 2025 జులైలో దానిని కొట్టివేసింది. ఐరోపాలో ముందే పెట్టిన టిక్కును నిషేధించాక 'అంగీకరిస్తున్నాను' అనే పెద్ద బటన్ వచ్చింది, 'తిరస్కరిస్తున్నాను' అనేది రెండు తెరల వెనక్కి వెళ్లింది. కుకీలను తిరస్కరించడం అంగీకరించినంత సులభంగా లేదని ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌పై 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌పై 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఒక తలుపు మూస్తే ఎత్తుగడ మరో తలుపు నుంచి వస్తుంది.

అందుకే 13 రకాల పేర్లను కంఠస్థం చేయడం కంటే ఒక కొలబద్దను చేతిలో ఉంచుకోవడం మేలు. ఏ తెర ముందైనా మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఎంపిక నేను చేశానా, నా కోసం ముందే చేసి ఉంచారా? 'సరే' అనడానికి, 'వద్దు' అనడానికి ఒకే శ్రమ పడుతుందా? చేరిన దారినే బయటికి రాగలనా? మూడింటిలో ఏ ఒక్కదానికి సరైన జవాబు దొరకకపోయినా ఆ తెరను ఫోటో తీసి ఉంచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలియజేయవచ్చు. పది రూపాయలకు ఫిర్యాదు ఏమిటని సంకోచించవద్దు. ఆ సంకోచం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

8. సారాంశం

మోసపూరిత డిజైన్ మొబైల్‌తో పుట్టలేదు. ఒకరి మౌనాన్ని తనకు అనుకూలంగా లెక్కించుకోవాలనే కోరిక 1862 నాటి గుర్రం తగవులోనే ఉంది. 1926లో మొదలైన పుస్తకాల క్లబ్ దాన్ని వ్యాపార పద్ధతిగా మలచింది. ఇంటర్నెట్ దానికి వేగాన్ని, పరీక్షించి చూసే శక్తిని ఇచ్చింది. న్యాయస్థానాలు, నియంత్రణ సంస్థలు ప్రతి దశలోనూ 'వద్దు' అనే శ్రమను కొనుగోలుదారుడి భుజం మీది నుంచి దించి, అడిగే శ్రమను అమ్మకందారుడికి అప్పగించే ప్రయత్నం చేశాయి. ఆ ప్రయత్నం ఇంకా ముగియలేదు. మౌనం సగం అంగీకారమే అయితే, మిగిలిన సగం మన నోటితో మనం చెప్పవలసినది. దాన్ని మన కోసం మరొకరు నింపి ఉంచడానికి వీలు లేదు.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నెగెటివ్ ఆప్షన్ పద్ధతి పుట్టుకను, దానిపై వచ్చిన నియంత్రణలను వివరించండి.
2. భారతదేశంలో డార్క్ ప్యాటర్న్స్ నిరోధానికి తీసుకున్న చర్యలను సమీక్షించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1862 గుర్రం తగవులోని తీర్పు ప్రాముఖ్యం ఏమిటి?
2. సమ్మతికి, భాషకు గల సంబంధాన్ని చర్చించండి.

III. అభ్యాసం
మీరు లేదా మీ ఇంటివారు వాడే ఒక యాప్‌లో చందా చేరే దారిని, రద్దు చేసుకునే దారిని పక్కపక్కన రాసి, ఒక్కొక్కదానికి ఎన్ని తెరలు దాటవలసి వచ్చిందో లెక్కించండి. మీ పరిశీలనను సంపర్క తరగతిలో చర్చించండి.